సింత్రా వచ్చిందని అజుల్‌ని అమ్మేయకండి

‘స్టెయిన్డ్ గ్లాస్ ఆఫ్ సింత్రా’ అంటే అజుల్‌కే కొత్త వెర్షన్, లోపాలన్నీ దిద్ది తెచ్చారు, ఇక పాతదానితో పనిలేదు. బోర్డ్ గేములు ఆడేవాళ్లలో ఈ మాట బాగా నాటుకుపోయింది. ఇది నమ్మి పాత పెట్టెని సగం ధరకి వదిలించుకున్నవాళ్లున్నారు. అజుల్ తెమ్మంటే, సెలవులకి డల్లాస్ నుంచి వచ్చే బావగారు ‘లేటెస్టుదే తెచ్చాను’ అంటూ సింత్రా చేతిలో పెడతారు. ఇంట్లో పిల్లలూ పెద్దవాళ్లూ ఒక్క ఆటకే చేతులెత్తేస్తారు. పెట్టె అటకెక్కుతుంది. ‘ఈ ఆటలు మనకి పట్టుబడవు’ అనే తీర్మానం అదనం.

ఇదేమీ ఫోన్ కాదు, పాత మోడల్‌కి అప్‌డేట్లు ఆగిపోవడానికి. రంగుల టైల్స్ పేర్చే ఆట అజుల్ 2017లో వచ్చింది. దాన్ని తయారుచేసింది జర్మనీకి చెందిన మైకేల్ కీస్లింగ్. 2018లో ఆ దేశంలోనే ఇచ్చే స్పీల్ డెస్ యారెస్ బహుమతి దానికి దక్కింది. సింత్రా విడుదలైంది కూడా ఆ ఏడాదే. బహుమతి అందుకున్న ఏడాదిలోనే అంతలా దిద్దాల్సిన లోపాలు ఏం బయటపడ్డాయో ఆ మాట చెప్పేవాళ్లే చెప్పాలి.

కీస్లింగ్ దిద్దలేదు, వేరే ఆట చేశాడు. ఫ్యాక్టరీలోంచి, అంటే ముక్కలు పెట్టే గుండ్రటి పళ్లెంలోంచి, ఒక రంగువన్నీ తీసుకోవడం, మిగతావి మధ్యలోకి తోసేయడం, ఇంతవరకే రెండూ ఒకటి. తీసుకున్నవాటిని ఎక్కడ పెడతారన్న దగ్గర దారులు విడిపోతాయి.

పాత అజుల్‌లో బరువంతా ఎదుటివాళ్ల బోర్డు మీద చూపు వేయడంలో ఉంది. రౌండు చివర్లో ఫ్యాక్టరీలన్నీ ఖాళీ అయ్యాయి, మధ్యలో ఆరు ఎర్ర టైల్స్ మాత్రమే మిగిలాయి, వంతు మీది అనుకోండి. మీ దగ్గర ఎరుపుకి ఒక్కటే ఖాళీ ఉంది. వద్దనడానికి లేదు, ఆరూ తీసుకోవాల్సిందే. ఒకటి సర్దుకుంటుంది, ఐదు కిందికి పడతాయి. పడినవాటికి వరసగా కోత: ఒకటి, ఒకటి, రెండు, రెండు, రెండు... మొత్తం ఎనిమిది పాయింట్లు గంగలో కలిశాయి. ఆ ఎరుపు అక్కడ పోగయ్యేలా రెండు వంతుల ముందు నుంచే చూసుకున్నది మీ ఎదురుగా అమాయకంగా కూర్చున్న మరదలు. పైగా ఎవరైనా తమ బోర్డు మీది గోడలో, అంటే టైల్స్ పేర్చే గళ్లలో, ఒక అడ్డవరుసలో ఐదూ నింపేస్తే ఆ రౌండుతో ఆట సరి. ఏడు పాయింట్లిచ్చే నిలువు వరుస మీది పూర్తికాకుండానే ఆట ముగించెయ్యడం కూడా ఒక ఎత్తే.

సింత్రాలో ఆ హడావుడి లేదు. ఎవరేం చేసినా ఆరు రౌండ్లు. ఇక్కడ పోరు ఎక్కువగా మీ బోర్డుతో మీకే. ఒక్కొక్కరి ముందు ఎనిమిది పట్టీలు, పైన అద్దాల మేస్త్రీ బొమ్మ. మేస్త్రీ ఉన్న పట్టీలోగానీ, దానికి కుడివైపు ఉన్న పట్టీల్లోగానీ అద్దాలు పెట్టొచ్చు, ఎడమకి కుదరదు. ఎడమకి రావాలంటే ఒక వంతు వదులుకుని మేస్త్రీని మొదటికి తెచ్చుకోవాలి. తిరకాసంతా పాయింట్లలో ఉంది. ఒక పట్టీ పూర్తయితే, దానికి కుడివైపు అప్పటికే పూర్తయినవాటి పాయింట్లు కూడా మళ్లీ వస్తాయి. అంటే కుడివైపువి ముందు కట్టి ఎడమవి తర్వాత కట్టాలి. మేస్త్రీ మాత్రం ఎడమ నుంచి కుడికే నడుస్తాడు! పైగా రౌండుకో రంగుకి బోనస్. పెట్టే చోటు లేక విరిగిన అద్దాల లెక్క రౌండుతో తుడిచిపెట్టుకుపోదు, ఆట పొడవునా పెరుగుతుంది. మొదటిసారి టేబుల్ దగ్గర కూర్చున్న అత్తయ్యకి ఇదంతా చెప్పి చూడండి, టీ పెట్టుకొస్తానని లేచి వెళ్లిపోతుంది.

చిల్లర అపోహలూ ఉన్నాయి. సింత్రా ఆడాలంటే పాతది కొనాలా? అక్కర్లేదు, దేనికదే పూర్తి ఆట. అజుల్ ఒట్టి అదృష్టమా? సంచిలోంచి వచ్చే రంగుల వరకే అదృష్టం, ఆ తర్వాత అంతా కళ్లముందే ఉంటుంది. ఇద్దరితో చప్పగా ఉంటుందా? ఇద్దరితోనే కత్తులు నూరేది. ఇదే వరుసలో 2021లో వచ్చిన క్వీన్స్ గార్డెన్ పేరు చూసి పిల్లల ఆట అనుకుంటున్నారా? అజుల్ పెద్ద పెట్టెల్లో అన్నిటికంటే చిక్కైనది అదే.

పాతది ఆడగా ఆడగా ఒకేలా అనిపిస్తుందంటారు. ఇష్టం లేకపోయినా ఈ మాట ఒప్పుకోవాలి. గోడ మీద ఏ రంగు ఎక్కడో ముందే అచ్చువేసి ఉంటుంది కాబట్టి, బాగా ఆడేవాళ్లందరూ కొన్నాళ్లకి ఒకేలా నిలువు వరుసల వెంట పడతారు. సింత్రాలో పట్టీలకి రెండు వైపులా వేర్వేరు అమరికలు, వాటి వరుస కూడా ప్రతి ఆటకీ మారుతుంది. ఆ తాజాదనం నిజమే. అలాగని ఫిర్యాదు చేసేవాళ్లలో ఎంతమంది పాత బోర్డుని ఒక్కసారైనా వెనక్కి తిప్పి చూశారు? వెనకవైపు గోడకి రంగులే ఉండవు. ఏ రంగు ఎక్కడ పెట్టాలో మీ ఇష్టం. అడ్డవరుసలోగానీ నిలువు వరుసలోగానీ ఒకే రంగు రెండుసార్లు రాకపోతే చాలు. వినడానికి తేలికే. మూడో రౌండుకల్లా మీరు పెట్టిన టైలే మీకు అడ్డొస్తుంది.

కాబట్టి ఒక్కటే కొనే స్తోమత, చోటు ఉన్నవాళ్లు మొదటి అజుల్ కొనండి. బావగారికి చెప్పేటప్పుడు ‘అజుల్’ అని ఊరుకోకండి, పెట్టె మీద ఆ పేరు కింద ఇంకో పేరేదీ ఉండకూడదని చెప్పండి. ఇంట్లో ఇద్దరే ఆడతారు, ఒకరి మీద ఒకరు అలగడం ఇష్టం లేదు, తమ బోర్డు తాము సర్దుకోవడంలోనే ఆనందం అనుకుంటే సింత్రా నిక్షేపంగా తెచ్చుకోండి. రంగురంగుల గాజు బిళ్లల్లా ఉండే ఆ ముక్కల అందమే వేరు. పాతది అమ్మాలని ఇప్పటికే నిర్ణయించుకున్నవాళ్లు మాత్రం, దయచేసి, అమ్మే ముందు బోర్డు వెనక్కి తిప్పి నాలుగు ఆటలు ఆడండి.