సున్నం దొరికే చోటే దిగాలి

ఒరే అబ్బాయ్, డైవింగ్‌కని రీబ్రీతర్ కొంటానంటున్నావట. మన బందరు దగ్గర మంగినపూడిలో దిగుదామంటే కృష్ణమ్మ మోసుకొచ్చిన ఒండ్రులో నీ చెయ్యి నీకే కనబడదు. కాబట్టి అండమానో, లక్షద్వీపమో, ప్రయాణం తప్పదు. సరే, మెషిన్ సంగతికి ముందు మామూలు సిలిండర్ సంగతి చెబుతా విను.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరదొచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్ది అక్కడే ఇరుక్కున్నాయి. విశాఖ డైవర్లు వచ్చి నీళ్లలో మునిగి ఆ పడవల ఇనుమును కోశారు. లోపల ఎంతసేపు ఉండగలరన్నదే అప్పుడు అందరి సందేహం. లెక్క వేద్దాం. మనిషి నిమిషానికి 20 లీటర్ల గాలి పీలుస్తాడనుకో. 20 మీటర్ల లోతున పీడనం పైకంటే మూడు రెట్లు, అంటే గాలి ఖర్చు 60 లీటర్లు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడితో నింపితే 2,400 లీటర్లు. నలభై నిమిషాల్లో ఖాళీ. చివరిదాకా ఊడ్చకూడదు కనుక ఇంకా ముందే పైకి రావాలి.

ఇందులో దుబారా ఎంతో తెలుసా? పీల్చిన గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలినదాంట్లో ఇంకా 16 శాతం పైనే. ఒంటికి కావలసింది నిమిషానికి ఓ లీటరు, ఎంత లోతుకెళ్లినా అంతే. మిగతాదంతా బుడగలపాలు. రీబ్రీతర్ ఆ వదిలిన గాలిని సంచిలో పట్టి, బొగ్గుపులుసు వాయువును తీసేసి, తగ్గిన ఆక్సిజన్ చేర్చి మళ్లీ నీకే ఇస్తుంది. 2 లీటర్ల బుడ్డి సిలిండర్‌లో 400 లీటర్ల ఆక్సిజన్. కాగితం మీద ఆరు గంటలకు పైమాటే!

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1878లో హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లీషాయన ఇలాంటిది తయారుచేశాడు. 1880లో ఊటనీళ్లకు మునిగిపోయిన సెవెర్న్ రైలు సొరంగంలోకి అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవరు దాన్ని తగిలించుకుని దిగి, కటిక చీకట్లో నీళ్లను ఆపే తలుపు మూసొచ్చాడు. మామూలు డైవరుకు వెనక గాలిగొట్టం పట్టేసి అంత దూరం సాగలేదు మరి.

ఇక ఆరు గంటల మాట. అంతసేపు ఉండలేవు, ఎందుకంటే ముందు సున్నం అయిపోతుంది. బొగ్గుపులుసు వాయువును పట్టేది సోడా లైమ్. అందులో ముప్పాతిక మన తాంబూలపు సున్నమే, కాస్త కాస్టిక్ సోడా, కాస్త తడి. బళ్లో సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే తెల్లబడింది చూశావు కదా, అదే రసాయన చర్య. ఆపరేషన్ థియేటర్లో మత్తుమందు మెషిన్‌కు తగిలించిన డబ్బాలోని తెల్ల గింజలూ ఇవే. అక్కడివి పని అయిపోతే ఊదారంగుకు తిరుగుతాయి.

డబ్బా నింపడం చూసి తీరాలి. గింజలు పోసి, అంచు మీద తట్టి, దిగాక మళ్లీ పోసి, మళ్లీ తట్టి, కదలకుండా బిగిస్తారు. ఎక్కడన్నా సందు మిగిలిందా, కాలువకు గండి పడితే నీళ్లు చేలోకి పోకుండా గండిలోంచే పోయినట్టు, గాలి సున్నానికి తగలకుండా ఆ సందులోంచే జారిపోతుంది. తలనొప్పి, ఆయాసం, ఆపైన స్పృహే ఉండదు. డబ్బాలోకి నీళ్లు చొరబడితే మండే క్షారం నోట్లోకొస్తుంది. ఖర్చు తగ్గుతుంది కదాని గోడలకు వేసే సున్నప్పొడి పోస్తావేమో, ఆ పని మాత్రం చెయ్యకు!

ఆక్సిజన్ ఇంకో తంటా. తగ్గితే చెప్పాపెట్టకుండా స్పృహ తప్పిస్తుంది, ఎక్కువైతే ఫిట్స్ తెప్పిస్తుంది. ఉత్త ఆక్సిజన్‌తో 6 మీటర్లు దాటకూడదన్నది అందుకే. ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు మూడు పెట్టేది ఒకటి తేడాగా చెబితే మిగతా రెండింటి మాట వినడానికి. అవీ శాశ్వతం కావు. నువ్వు వాడినా వాడకపోయినా ఏడాది, ఏడాదిన్నరకు కొత్తవి కొనాలి. ఏడాదికోసారి సెలవు పెట్టేవాడికి ఇది నెత్తిమీద బరువే.

ఆక్సిజన్ మనమే చేత్తో కలిపే మెషిన్ మంచిదా, ఎలక్ట్రానిక్స్ కలిపేది మంచిదా అని మీ కుర్రాళ్లు కొట్టుకుంటారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. విమానంలో సిలిండర్ తీసుకెళ్లాలంటే ఖాళీ చేసి, వాల్వ్ విప్పమంటారు. అందుకని దిగే చోట అద్దెకు దొరికే సిలిండర్లు బిగేదే నీ మెషిన్ కావాలి. ఆక్సిజన్ నింపేవాడున్నాడా, సోడా లైమ్ నిల్వ ఉందా, మెషిన్ మొరాయిస్తే పీల్చుకోవడానికి బెయిలవుట్ సిలిండర్ ఇస్తారా, నీ మోడల్ తెలిసినవాడెవడైనా ఉన్నాడా, ముందు ఇవి చూడు. శిక్షణ కూడా ఏ మోడల్‌కి ఆ మోడలే.

18 మీటర్ల లోపు, నలభై నిమిషాలు, చేపలు చూసి రావడమే నీ సరదా అయితే అసలు ఈ గొడవ ఎందుకురా? లేదూ, బుడగల చప్పుడు లేకుండా చేపల దగ్గరకెళ్లాలి, గంటల తరబడి ఉండాలి అంటావా, అప్పుడు కొను. కానీ కొనకముందే నువ్వెళ్లే దీవిలోని డైవ్ సెంటర్‌కు ఫోన్ కొట్టి సున్నం సంగతి కనుక్కో. వాళ్లు నసిగితే ఆ ట్రిప్పుకు మామూలు సిలిండరే అద్దెకు తీసుకో.