అతిథి కవి

ప్రవేశిక

కవిత్వం ఏకాంతంలో పుట్టినా సమూహంలో బ్రతుకుతుంది. వ్రాసినవాడు వినిపించాలి, సహృదయుడు వినాలి. ఈ రెండూ కలిసినప్పుడే కవిత పరిపూర్ణమౌతుంది. ఈ సంబంధాన్ని శతాబ్దాలుగా అనేక రూపాలలో నిలుపుకొంటూ వస్తున్న దేశం ఐర్లండ్. అక్కడి కవిగోష్ఠులలో అతిథి కవికి గల స్థానాన్ని, దాని వెనుక ఉన్న చరిత్రను ఈ పాఠ్యాంశం వివరిస్తుంది.

పాఠ్యభాగం

ఐరోపా ఖండానికి పడమటి అంచున, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న చిన్న ద్వీపం ఐర్లండ్. విస్తీర్ణంలో చిన్నదైనా సాహిత్యంలో దాని కీర్తి పెద్దది. విలియం బట్లర్ యేట్స్ 1923లోను, షేమస్ హీనీ 1995లోను నోబెల్ బహుమతిని అందుకొన్నారు. అయితే ఒక జాతికి కవిత్వం మీద ఉన్న ప్రేమను బహుమతులతో మాత్రమే కొలవలేము. సామాన్యులు పగలంతా పనిచేసి, సాయంకాలం ఒక గదిలో కూర్చొని, తాము ఎన్నడూ చూడని కవి చదివే కవితలను శ్రద్ధగా వింటున్నారంటే, ఆ ప్రేమ అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఐర్లండ్‌లోని పట్టణాలలో ఇటువంటి గోష్ఠులు క్రమం తప్పకుండా జరగడం ఒక సంప్రదాయం. వాటికి ఆహ్వానం మీద వచ్చి కవితలు వినిపించే వ్యక్తియే అతిథి కవి.

అతిథి కవి అనే భావన ఆ దేశానికి కొత్తది కాదు. ప్రాచీన ఐర్లండ్‌లో కవిని 'ఫిలె' అనేవారు. కవులలో అత్యున్నత శ్రేణికి చెందినవాడు 'ఒల్లవ్'. నాటి న్యాయశాస్త్రం అతని గౌరవాన్ని ఒక చిన్న రాజు గౌరవంతో సమానంగా లెక్కించింది. కవులు ఒక సంస్థానం నుండి మరొక సంస్థానానికి ప్రయాణిస్తూ ఉండేవారు. వారికి ఆతిథ్యమివ్వడం ప్రభువుల ధర్మం. ప్రభువును ప్రశంసించడమే కాక, ధర్మం తప్పినవానిని నిందించడం కూడా కవి అధికారంలోనిదే. కవి నోట వెలువడిన నిందకు ప్రభువులు సైతం భయపడేవారు.

ఈ విశ్వాసాన్ని తెలిపే పురాణగాథ ఒకటి ఉన్నది. బ్రెస్ అనే రాజు లోభి. అతని ఇంటికి కైర్‌ప్రె అనే కవి అతిథిగా వచ్చాడు. రాజు అతనికి ఇరుకైన, చీకటితో నిండిన ఒక చిన్న కొట్టం చూపించాడు. అందులో నిప్పు లేదు, పడక లేదు. భోజనానికి ఒక చిన్న పళ్లెంలో మూడు ఎండు రొట్టెలు పంపాడు. మరునాడు ఉదయం కవి లేచి, ఆ రాజును నిందిస్తూ కవిత చెప్పాడు. ఐర్లండ్‌లో పుట్టిన మొదటి నిందాకవిత్వం అదేనని గాథ చెబుతుంది. ఆనాటి నుండి బ్రెస్ వైభవం క్షీణించింది. చివరకు రాజ్యం కూడా పోయింది. అతిథిగా వచ్చిన కవిని అవమానించినవాడు పాలనకు అర్హుడు కాడని ఆ జాతి ఈ కథ ద్వారా చెప్పుకొన్నది.

అయితే అధికారం ఉన్నచోట అతిచారం కూడా ఉంటుంది. ఆ సత్యాన్ని దాచకుండా మరొక గాథ చెబుతుంది. సెన్‌ఖాన్ అనే కవిశ్రేష్ఠుడు నూట యాభైమంది కవులను, అంతేమంది శిష్యులను, ఇంకా పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకొని, దాతగా ప్రసిద్ధి చెందిన గ్వారె రాజు ఇంటికి వెళ్లాడు. రోజుకొక విపరీతమైన కోరిక కోరుతూ ఆ పరివారం రాజును ఎంతో బాధించింది. అప్పుడు రాజు సోదరుడైన మార్వాన్ అనే తపస్వి వారికి బుద్ధి చెప్పదలచి, ఆ జాతి వీరగాథ అయిన 'తాయిన్'ను ఆసాంతం వినిపించమని అడిగాడు. అంతమందిలో ఒక్కరికీ అది పూర్తిగా రాదు. ఆ గాథను సంపాదించి వినిపించేవరకు ఏ ఇంటిలోను రెండు రాత్రులు ఉండరాదని మార్వాన్ వారిని కట్టడి చేశాడు. గౌరవం కోరే కవికి వినిపించడానికి తగిన సరుకు ఉండాలని ఈ కథ నీతి. మొదటి కథ ఆతిథ్యమిచ్చేవాని బాధ్యతను చెబితే, రెండవ కథ అతిథి బాధ్యతను చెబుతున్నది.

పూర్వకాలపు కవివిద్య సులభమైనది కాదు. విద్యార్థులు అనేక సంవత్సరాలు గురుకులంలో ఉండి ఛందస్సు, వంశచరిత్రలు, ప్రాచీన గాథలు అభ్యసించేవారు. చీకటి గదిలో పడుకొని, కేవలం మనస్సులోనే పద్యం కూర్చి, తరువాతనే దానిని వ్రాతలో పెట్టేవారు. ప్రభువు సభలో ఆ పద్యాన్ని కవి స్వయంగా చదివేవాడు కాడు. అందుకు ప్రత్యేకంగా గాయకుడు ఉండేవాడు. అతడు హార్ప్ అనే తంత్రీవాద్యం తోడుగా ఆలపిస్తుంటే, కవి గౌరవాసనం మీద కూర్చొని వినేవాడు.

1601లో కిన్సేల్ యుద్ధంలో ఐరిష్ ప్రభువులు ఆంగ్లేయుల చేతిలో ఓడిపోయారు. 1607లో ఉత్తరప్రాంతపు ప్రభువులు కొందరు దేశం విడిచి వెళ్లారు. రాజాశ్రయం పోవడంతో కవుల గురుకులాలు క్రమంగా మూతపడ్డాయి. పద్దెనిమిదవ శతాబ్దికి వచ్చేసరికి కవులు బడిపంతుళ్లుగా, కూలీలుగా, పానశాలల యజమానులుగా జీవించవలసి వచ్చింది. అయినా వారు కవిత్వాన్ని విడువలేదు. ఇళ్లలోను పానశాలలలోను కలుసుకొని 'కవితాన్యాయస్థానాలు' అనే గోష్ఠులు నడిపారు. న్యాయస్థానపు తంతును హాస్యంగా అనుకరిస్తూ, ఒక కవి మరొక కవికి పద్యరూపంలో వారంటు పంపేవాడు. రెండవవాడు పద్యంలోనే ప్రత్యుత్తరమిచ్చేవాడు. లిమెరిక్ ప్రాంతంలోని క్రూమ్ గ్రామంలో షాన్ ఓ తూమ అనే కవి తన పానశాలలోనే ఇటువంటి గోష్ఠికి ఆతిథ్యమిచ్చాడు. రాజసభ పోయింది, కాని సభ పోలేదు.

ఆ కాలంలోనే వ్రాతతో పనిలేకుండా నోటిమాటగా నిలిచిన గొప్ప కవితలు కూడా ఉన్నాయి. 1773లో కార్క్ మండలంలో తన భర్త హత్యకు గురైనప్పుడు ఐలీన్ డవ్ అనే స్త్రీ ఆశువుగా చెప్పిన శోకగీతం వాటిలో ముఖ్యమైనది. దానిని తరువాతివారు కంఠస్థం చేసి కాపాడారు. పిమ్మట అది గ్రంథస్థమైంది. 1845 నుండి 1852 వరకు దేశాన్ని పీడించిన మహాక్షామంలో సుమారు పదిలక్షలమంది మరణించారు; మరొక పదిలక్షలమంది వలసపోయారు. ఐరిష్ భాష మాట్లాడే పల్లెలే ఎక్కువగా నాశనమయ్యాయి. మనుషులతోపాటు వారి కంఠాలలో ఉన్న పాటలు, కథలు కూడా ఎన్నో పోయాయి. వినేవారు లేనప్పుడు కవిత ఎలా మరణిస్తుందో ఆ జాతి స్వయంగా అనుభవించింది. అందుచేతనే బహిరంగంగా కవితను వినిపించడం అక్కడ కేవలం వినోదం కాదు. పోయినదానిని కొంతైనా తిరిగి పొందే ప్రయత్నం.

ఆధునిక కాలంలో ఈ ప్రయత్నం అనేక విధాలుగా సాగింది. 1970లో కార్క్ విశ్వవిద్యాలయ కళాశాల విద్యార్థులు 'ఇన్టి' అనే పత్రికను స్థాపించి ఐరిష్ భాషా కవిత్వానికి నవచైతన్యం కలిగించారు. 2003 జనవరిలో గాల్వే నగరంలో కెవిన్ హిగ్గిన్స్, సుసాన్ మిల్లర్ డ్యూమార్స్ అనే కవిదంపతులు 'ఓవర్ ది ఎడ్జ్' అనే గోష్ఠిని ప్రారంభించారు. నగర గ్రంథాలయంలో జరిగిన ఆ సభలలో ముందుగా ఆహ్వానితులైన ముగ్గురు రచయితలు చదివేవారు. పిమ్మట సభలోని వారెవరైనా చదువవచ్చు. అలా వెనుక వరుస నుండి వచ్చి ఒక్క కవిత చదివినవారిలో కొందరు కొన్నాళ్లకు అదే వేదిక మీద ఆహ్వానితులుగా నిలిచారు. 2023లో కెవిన్ హిగ్గిన్స్ మరణించారు. ఆయన రచనలతోపాటు, ఆ వేదిక మీద తొలిసారి గొంతు విప్పిన కవులు కూడా ఆయన కృషికి సాక్ష్యంగా మిగిలారు.

2007లో కవి పాల్ కేసీ కార్క్ నగరంలో 'ఓ వేల్' అనే కవిగోష్ఠిని స్థాపించారు. ఐరిష్ భాషలో ఆ మాటకు 'నోటి నుండి' అని అర్థం. వింథ్రాప్ వీధిలో లాంగ్ వ్యాలీ అనే పాత పానశాల ఉన్నది. దాని మేడమీది గదిలో ప్రతి సోమవారం రాత్రి చాలాకాలం ఈ గోష్ఠి జరిగింది. దేశంలోని కవులేకాక విదేశీ కవులు కూడా అక్కడికి అతిథులుగా వచ్చారు. 2020లో కరోనా వ్యాధి కారణంగా సభలు కూడదని ఆంక్షలు వచ్చినప్పుడు ఈ గోష్ఠిని అంతర్జాలం ద్వారా కొనసాగించారు.

ఆ గోష్ఠిలో మూడు అంగాలు ముఖ్యమైనవి. మొదటిది 'ఐదు పదాల సవాలు'. సభలోని వారు సూచించిన వాటినుండి ఐదు పదాలు ఎన్నుకొంటారు. పాల్గొనేవారు పదిహేను నిమిషాలలో ఆ ఐదు పదాలూ వచ్చేటట్లు కవిత వ్రాసి చదవాలి. తెలుగు విద్యార్థులకు ఇది అవధానంలోని దత్తపదిని గుర్తుకు తెస్తుంది. అయితే రెండింటికీ భేదమున్నది. దత్తపదిలో పృచ్ఛకుడు సాధారణంగా నాలుగు పదాలిస్తాడు. అవధాని వాటిని ఛందోబద్ధమైన పద్యంలో, కలం పట్టకుండా ఇమిడ్చాలి. అది ఒక పండితుని ధారణకు, ప్రతిభకు పరీక్ష. ఐదు పదాల సవాలులో ఛందోనియమం లేదు, కాగితం ఉంటుంది, అవే పదాలతో ఎంతమందైనా వ్రాయవచ్చు. ఒకే పదాలు పదిమంది చేతులలో పది విధాలుగా మారడం చూచి సభ ఆనందిస్తుంది. అవధానం ఒకరి అసాధారణ శక్తిని చూపితే, ఈ సవాలు అందరిలోను ఎంతోకొంత ఉన్న శక్తిని మేల్కొలుపుతుంది.

రెండవ అంగం అతిథి కవి పఠనం. అప్పటికి శ్రోతలలో కొందరు స్వయంగా పదాలతో పెనుగులాడి ఉన్నారు. కనుక అతిథి కవితలోని ఒడుపును వారు సులభంగా గ్రహిస్తారు. ప్రాచీన కవివలె అతిథి మరొకరిచేత పాడించి తాను ఆసనం మీద కూర్చోడు. తన కవితను తన గొంతుతోనే వినిపించాలి. పుస్తకం చదివేవానికి అర్థం కాకపోతే పుట వెనుకకు త్రిప్పుకొనే వీలుంటుంది. శ్రోతకు ఆ వీలు లేదు. అందుచేత కవి ఎక్కడ ఆగాలో, ఏ మాటను ఒత్తి పలకాలో, ఏ సందర్భాన్ని ముందుగా వివరించాలో ఆలోచించుకోవాలి. సభలో నిశ్శబ్దం చిక్కబడిన చోట కవిత తగిలిందని, కుర్చీలు కదిలిన చోట అది సడలిందని కవికి తెలుస్తుంది. ఏ విమర్శకుడూ ఇంత వెంటనే తీర్పు చెప్పలేడు. అతిథి కవి కవితలను ఇచ్చి, ఈ తీర్పును తీసుకొని వెళతాడు.

మూడవ అంగం బహిరంగ వేదిక. పేరు ఇచ్చినవారెవరైనా లేచి చదువవచ్చు. విద్యార్థి, ఉద్యోగి, వృద్ధుడు అనే భేదం లేదు. తొలిసారి చదివేవాని చేతిలో కాగితం వణకవచ్చు, గొంతు తడబడవచ్చు. అయినా కొద్దిసేపటి క్రితం ప్రసిద్ధ కవి నిలిచిన చోటనే అతడు నిలుస్తాడు. అతిథి తన వంతు కాగానే లేచి వెళ్లకుండా, కూర్చొని ఆ కొత్త గొంతులను వినడం సభామర్యాద. తనను విన్నవారిని తాను కూడా వినడమే ఆతిథ్యానికి అతిథి చెల్లించే ప్రతిఫలం.

నేడు కవిని పోషించడానికి రాజులు లేరు. 1951లో ఏర్పడిన ఆర్ట్స్ కౌన్సిల్, స్థానిక పురపాలక సంస్థలు ఇటువంటి గోష్ఠులకు ధనసహాయం చేస్తున్నాయి. 2022లో ఐర్లండ్ ప్రభుత్వం రెండువేలమంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున జీవనభృతి ఇచ్చే ప్రయోగాత్మక పథకాన్ని ప్రారంభించింది. రాజు వహించిన బాధ్యతను ప్రజాప్రభుత్వం కొంతవరకు స్వీకరించిందన్నమాట.

ఈ గోష్ఠులలో లోపాలు లేకపోలేదు. అందరికీ కరతాళధ్వనులు లభించే చోట మంచి కవితకు, సామాన్య కవితకు భేదం మరుగుపడవచ్చు. చదివే తీరు బాగుంటే కవితలోని పేలవత్వం కనిపించకపోవచ్చు. వినడానికి బాగున్న కవిత కాగితం మీద కూడా నిలవాలి. అందుకే గోష్ఠి పుస్తకానికి ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే.

బ్రెస్ రాజు కవికి చేసిన ద్రోహం ఎండు రొట్టెలు పెట్టడం మాత్రమే కాదు. అతడిని చీకటి కొట్టంలో ఒంటరిగా వదలడం. కార్క్‌లోని మేడగదిలోనూ కవికి పంచభక్ష్య పరమాన్నాలు దొరకలేదు. కాని అతని కోసం మౌనం వహించి ఎదురుచూచే మనుషులు దొరికారు. కవికి చేయదగిన ఆతిథ్యాలలో ఉత్తమమైనది వినడమే. దానికి రాజ్యం అక్కరలేదు. ఒక గది, కొన్ని కుర్చీలు, శ్రద్ధ ఉంటే చాలు.

ముఖ్య పదాలు – అర్థాలు

సహృదయుడు = కవి హృదయాన్ని గ్రహించగలవాడు
అతిచారం = హద్దు మీరిన ప్రవర్తన
ఆసాంతం = మొదటి నుండి చివరి వరకు
ఆశువుగా = అప్పటికప్పుడు
పృచ్ఛకుడు = అవధానంలో ప్రశ్నించేవాడు
ధారణ = జ్ఞాపకంలో నిలుపుకొనే శక్తి
పేలవత్వం = సారం లేకపోవడం

సంధులు, సమాసాలు

రాజాశ్రయం = రాజ + ఆశ్రయం – సవర్ణదీర్ఘ సంధి; రాజు యొక్క ఆశ్రయం – షష్ఠీ తత్పురుష సమాసం
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం – యణాదేశ సంధి
మహాక్షామం = మహత్తైన క్షామం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఐర్లండ్‌లో కవికి లభించిన ఆదరణ కాలానుగుణంగా ఎట్లా మారిందో వివరించండి.
2. 'ఓ వేల్' కవిగోష్ఠిలోని మూడు అంగాలను గురించి వ్రాయండి.

ఆ) సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. బ్రెస్, గ్వారె కథలు తెలిపే నీతిని పోల్చండి.
2. దత్తపదికి, ఐదు పదాల సవాలుకు గల భేదమేమి?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. 'ఓ వేల్' అనే మాటకు అర్థమేమి?
2. కవితాన్యాయస్థానాలు ఏ శతాబ్దిలో జరిగాయి?
3. కవికి చేయదగిన ఉత్తమమైన ఆతిథ్యం ఏది?