మెట్టు జారిందా? పిల్లల్ని తిట్టకండి!

సెలవులకు వెళ్లి బొబ్బిలి వీణ తెచ్చుకునే తెలుగు కుటుంబాలు అమెరికాలో ఉన్నాయి. మొదట్లో బాగానే పలుకుతుంది. ఏడాది తిరిగేసరికి గాంధారం కాస్త పైకి, పంచమం కాస్త కిందికి పోతాయి. 'నీకు శ్రుతి జ్ఞానం లేదు' అని పిల్లలకు చీవాట్లు పడతాయి. చాలాసార్లు తప్పు పిల్లలది కాదు, మెట్టుది. అపశ్రుతికి అలవాటు పడిన చెవిని మళ్లీ దారికి తేవడం కష్టం.

గిటార్‌కు చెక్కలో గాడి కోసి మెట్లను దిగగొడతారు. గాడి కంటే మెట్టు కాలు మందంగా ఉంటే, అది చీలలా చెక్కను ఎడంగా నెడుతుంది. ఇరవై మెట్లూ అలా నెడితే మెడ వెనక్కి వంగుతుంది. వీణకు ఆ బాధ లేదు. దండి పొడవునా రెండు వైపులా మైనపు గట్లు పోసి, వాటిపై 24 మెట్లు నిలబెడతారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలపడం వల్లే ఆ నలుపు. చెక్క మీద ఒత్తిడి ఉండదు, మెట్టును సరిచేసుకోవచ్చు.

కానీ మైనానికి వేడి పడదు. 62 డిగ్రీల సెల్సియస్ దాటితే తేనెమైనం కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. వేసవిలో వీణను కారులో వదిలేయొద్దు. చలికాలంలో సమస్య వేరు. హీటర్ వల్ల గాలి పొడిబారి పనస చెక్క కుంచించుకుపోతుంది, దండి వంగొచ్చు, పగుళ్లూ రావొచ్చు. గదిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉండేలా హ్యూమిడిఫయర్ పెట్టండి. వీణను హీటర్ గాలి తగిలేచోట ఉంచొద్దు.

మెట్లను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ముందు తీగలన్నీ శ్రుతి చేయండి. తీగల బిగువుకు దండి కొద్దిగా వంగుతుంది కాబట్టి, వదులు తీగల మీద చూస్తే లెక్క తప్పుతుంది. సారణి తీగ మీద 12వ మెట్టు దగ్గర తారషడ్జం, 7వ మెట్టు దగ్గర పంచమం పలకాలి. గుర్రం నుంచి చూస్తే 12వది తీగ పొడవులో దాదాపు సగం దగ్గర, 7వది మూడింట రెండు వంతుల దగ్గర ఉంటాయి. ఫోన్‌లో ట్యూనర్ చాలు.

ఒకటి రెండు మెట్లు జరిగితే, ఆ మెట్టు కింది మైనాన్ని మాత్రమే వెచ్చని చాకు మొనతో మెత్తబరచి, మెట్టును కొద్దికొద్దిగా జరపండి. చల్లారాక మళ్లీ వినండి. హెయిర్ డ్రయర్ వాడితే పక్క మెట్లూ కదులుతాయి. అన్నిటినీ ఒకేసారి ఊడదీయొద్దు. సగానికి పైగా తప్పితే మేళం తెలిసినవారికే అప్పగించాలి.

ఈసారి ఊరెళ్లినప్పుడు బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒక పూట గడపండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి, మెట్లు నిలబెట్టే పని చూపించండి. తమ వీణ ఎలా పలుకుతుందో తెలిసిన పిల్లలు దాన్ని అంత తేలిగ్గా అటక మీద పెట్టరు.