పెరుగు ఎందుకు తోడుకోలేదు?



ఈవేళ పెరుగు సంగతి చెప్పుకుందాము. “పెరుగు తోడు పెట్టడం మాకు మీరు నేర్పాలా?” అని అక్కచెల్లెళ్లు నవ్వవచ్చు. నిజమే, ఆ పని మీకే బాగా తెలుసును. కాని తోడు వేసిన పాలలో రాత్రంతా ఏమి జరుగుతుందో తెలిసికొంటే ఒక్కొక్కప్పుడు పెద్ద నష్టం తప్పుతుంది.

నేను తిరిగే గ్రామాలలో ఒకచోట ఒక ఇల్లాలు, “అయ్యా, మూడు రోజులుగా మా ఇంట పెరుగు తోడుకోవడం లేదు. పాలకు దిష్టి తగిలినట్టుంది” అన్నది. తోడు మార్చి చూచిందట, దుత్త మార్చి చూచిందట. “ఈ రాత్రికి మీ పాలు ఒక గిన్నెలో, పొరుగింటి పాలు ఒక గిన్నెలో కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు రెంటికీ ఒకే తోడు వేసి పక్కపక్కన పెట్టమ్మా” అన్నాను. తెల్లవారేసరికి పొరుగింటి పాలు గడ్డకట్టినవి. ఈమె పాలు పాలుగానే ఉన్నవి. లోపం తోడులో లేదు, పాలలోనే ఉన్నదని తేలింది. విచారిస్తే, గేదెకు పొదుగువాపు వచ్చి, చన్నులోకి మందు ఎక్కించారు.

మరి మందుకూ పెరుగుకూ సంబంధమేమిటి?

తోడులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పాలచక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పులిసిన పాలనుండి ఈ ఆమ్లాన్ని 1780లో షీలే అనే శాస్త్రజ్ఞుడు స్వీడనులో వేరుచేశాడు. ఆమ్లం పెరిగి పాల పి.హెచ్. సుమారు 6.6 నుండి 4.6 దరిదాపులకు దిగేసరికి కేసీన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది. అదే పెరుగు. పెన్సిలిన్ వంటి మందులు పొదుగులోని చెడ్డ సూక్ష్మజీవులనే గాక, పాలలోకి దిగి తోడులోని మంచివాటిని కూడా అణచివేస్తాయి. పనివాళ్లు లేకపోతే ఆమ్లం లేదు. ఆమ్లం లేకపోతే పెరుగు లేదు.

సూక్ష్మజీవుల జీవక్రియలో పుట్టే ఇటువంటి పదార్థాలను మెటబొలైట్లు అంటారు. చేలో గిట్టల జాడ చూచి రాత్రి ఏ గొడ్డు పడిందో మీరు చెబుతారు గదా! అలాగే వీటిని కొలిచి పెరుగు మంచిచెడ్డలు చెప్పవచ్చును. పెద్ద ప్రయోగశాలలలో గ్యాస్ క్రొమటోగ్రఫీ వంటి పద్ధతులతో వీటిని విడదీసి కొలుస్తారు. డయాసిటిల్ ఉంటే వెన్నవంటి కమ్మని వాసన. యోగర్టుకు ప్రత్యేకమైన వాసన నిచ్చేది ముఖ్యంగా అసిటాల్డిహైడ్. ఆల్కహాలు ఎక్కువైతే ఈస్టు పడిందేమోనని అనుమానించాలి. కొవ్వు విరిగి బ్యుటిరిక్ ఆమ్లం పుడితే కాటు వాసన. మాంసకృత్తులు అతిగా విరిగితే చేదు.

గ్రామసేవకులు పాలకేంద్రంలోనే చూపగల పరీక్ష ఒకటున్నది. 10 గ్రాముల పెరుగును అంతే నీటితో కలిపి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, డెసినార్మల్ సోడియం హైడ్రాక్సైడు ద్రావకాన్ని లేత గులాబి రంగు నిలిచేవరకు చుక్కచుక్కగా వదలవలెను. ఖర్చయిన మిల్లీలీటర్లను 0.09తో గుణిస్తే లాక్టిక్ ఆమ్లం శాతం వస్తుంది. 9 మిల్లీలీటర్లు పట్టితే 0.81 శాతం అన్నమాట.

ఇక మీరు చేయవలసినవి:

ఒక చన్నుకే మందు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ వేరుగా పితికి పారబోయండి. ఎన్ని రోజులు ఆపాలో పశువైద్యుని అడిగి, తారీకు గోడమీద వ్రాసి పెట్టుకోండి. కాచినంత మాత్రాన మందు పోతుందని నమ్మకండి. పెరుగు తోడుకొన్నంత మాత్రాన మందు లేదని కూడా అనుకోకండి. కొద్దిపాటి మందు ఉన్నా ఒక్కొక్కప్పుడు ఆలస్యంగానైనా తోడుకొంటుంది.

ఒక్కమాట దాచకుండా చెబుతాను. ఆ మూడు రోజులు ఆ ఇంటి పాలు కేంద్రానికి కూడా వెళ్లాయి. పదిమంది పాలతో కలిశాయి. అందులో ఆ ఇల్లాలి తప్పు లేదు. ఈ సంగతి ఆ ఊరిలో ముందుగా చెప్పవలసిన వాణ్ణి నేను, చెప్పలేదు. అందుకే ఈవేళ మీ అందరికీ చెబుతున్నాను. మీ పొరుగువారికి కూడా చెప్పండి.