కుళాయికీ పొలానికీ ఉన్న చుట్టరికం మీకు తెలుసా?

ఢిల్లీలోని ద్వారక నీటిశుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 5 కోట్ల గ్యాలన్లు. ఆ నీళ్లు హర్యానా మీదుగా రావాల్సిందే. హత్నికుండ్ బ్యారేజీ దగ్గర యమునను వదిలి, కర్నాల్ జిల్లాలోని మునక్ నుంచి 102 కిలోమీటర్ల లైనింగ్ కాలువలో ఢిల్లీకి చేరతాయి. దారి పొడుగునా వరి, గోధుమ పొలాలే. 2016 ఫిబ్రవరిలో జాట్ల ఆందోళన సమయంలో ఆ కాలువను దెబ్బతీస్తే రాజధాని గుక్కెడు నీళ్లకు కటకటలాడింది.

నీళ్లు కాచి తాగితే చాలనుకుంటాం. అలాంటి పొలాల్లో మోతాదు మించి చల్లిన యూరియా నైట్రేట్‌గా మారి భూగర్భజలంలోకి దిగిందంటే మాత్రం ఆ మాట చెల్లదు. పటికకు బురద తేరుతుంది, క్లోరిన్‌కు క్రిములు చస్తాయి, నైట్రేట్ మాత్రం ఈ రెంటికీ లొంగదు. కాచితే నీరు ఆవిరై, మిగిలినదాంట్లో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. మన దేశంలో తాగునీటిలో దీనికి పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. పసిపిల్లలకు నైట్రేట్ మరీ ప్రమాదం. అందుకే దాన్ని పొలంలోనే ఆపాలి.

2020లో హర్యానా 'మేరా పానీ మేరీ విరాసత్' పథకం తెచ్చింది. వరి మానేసి మొక్కజొన్న, పత్తి, పప్పుధాన్యాలు వేస్తే అప్పట్లో ఎకరాకు 7,000 రూపాయలు ఇస్తామంది. చేరడం రైతు ఇష్టం. భూగర్భజలం అడుగంటకుండా చూడటమే దీని ఉద్దేశం. అయితే పెసర, కంది వేస్తే యూరియా కూడా తగ్గుతుంది, వాటి వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి.

నగరవాసులు మంచినీళ్ల కోసం ఎక్కడో ఉన్న రైతుకు డబ్బివ్వడం వింతేమీ కాదు. న్యూయార్క్ నగరం 1990లలో చేసింది అదే. వడపోత కేంద్రం కట్టాలంటే వందల కోట్ల డాలర్లవుతుంది. దానికి బదులు క్యాట్‌స్కిల్ కొండల్లోని పశుపోషకుల పేడదిబ్బలు, వాగుగట్లు బాగుచేయించే ఖర్చు నగరమే భరించింది. 85 శాతం మంది చేరాలన్నది లక్ష్యం, అంతకు మించే చేరారు. నిర్బంధం లేకుండా జరిగిందన్నదే నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

మన పునుకుల మాటేమిటి? ఖమ్మం జిల్లా (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం) పాల్వంచ దగ్గరి ఈ పల్లె 2003లో పురుగుమందులకు స్వస్తి చెప్పింది. ఎవరూ చట్టం చేయలేదు. అప్పులతో, మందుల విషంతో విసిగిన ఇళ్లు, ముందుగా మహిళా సంఘాలు, పట్టుబట్టాయి. వేపగింజలు దంచి కషాయం కాచారు, దీపపు ఎరలు పెట్టారు. పత్తి చేలో అక్కడక్కడా ఆముదం వేస్తే పొగాకు లద్దెపురుగు తల్లి గుడ్లు ఆ ఆకుల మీద పెడుతుంది. గుంపుగా కనిపించే ఆ గుడ్ల ఆకును తుంచి పారేస్తే చాలు, వందల పిల్లపురుగుల బెడద తీరినట్టే. ఆ పొలం మీద పడ్డ వాన చెరువుకు మోసుకెళ్లే విషం అంత తగ్గుతుంది. ఈ దారే పెరిగి పెద్దదై, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంగా ఊరూరా పాకింది. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతి కూడా దక్కింది.

ద్వారకకు తొలి పేరు పప్పన్‌కలాన్ ప్రాజెక్టు. పోచన్‌పూర్, బగ్‌డోలా, భర్తల్ లాంటి పల్లెల పొలాల మీద లేచిన ఊరది. ఇవాళ అక్కడ కుళాయి తిప్పేవాళ్లు, హర్యానా పథకం కింద మునక్ రైతుకు ఎకరాకు ఇచ్చే సొమ్ములో కొంత ఢిల్లీ నీటి బిల్లు నుంచి ఇస్తే న్యాయంగా ఉంటుందని నా నమ్మకం.