పోయిన ప్రాణం రాదు... హక్కునైనా పోనివ్వకండి!

ఇంట్లో అర్ధాంతరంగా ఎవరైనా పోతే పరామర్శకు వచ్చినవాళ్ళు మొట్టమొదట అనే మాట, "నుదుట అలా రాసిపెట్టి ఉంది, ఎవరేం చెయ్యగలరమ్మా!" అని. వయసు మళ్ళి పోయినా, మందులకు లొంగని జబ్బుతో పోయినా ఆ మాట ఓదార్పే. కానీ నీళ్ళు వదిలే ముందు సరైన హెచ్చరిక చెయ్యకపోవడం వల్లో, గోడ నాసిగా కట్టడం వల్లో, ఒళ్ళు తెలియని వేగంతో బండి నడపడం వల్లో ప్రాణం పోతే దాన్ని కూడా నుదుటిరాత ఖాతాలోనే వెయ్యాలా? ఎవరో తమ పని తాము సరిగా చేసి ఉంటే ఆ మనిషి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. చట్టం ఆ సంగతి ఒప్పుకుంటుంది. అడగడానికి వెనకాడేది మనమే.

మేముండే బాచుపల్లి పేరు పదేళ్ళ తేడాలో రెండుసార్లు ఇలాంటి వార్తలకెక్కింది. ఆ రెండు సంఘటనల్లోనూ మనం తెలుసుకోవలసింది ఎంతో ఉంది.

బియాస్ మింగిన పిల్లలు

2014 జూన్ 8. ఇక్కడి వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు యాత్రకని హిమాచల్ ప్రదేశ్ వెళ్ళారు. మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. అంతలో ఎగువనున్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన యాత్రా నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వాళ్ళకోసం వారాల తరబడి నదిని గాలించారు.

అక్కడి హైకోర్టు ఎవరో వచ్చి అడిగేదాకా ఆగలేదు. తనంతట తానే కేసు చేపట్టి ముందుగా 5 లక్షల రూపాయల మధ్యంతర సాయం ఇప్పించింది. 2016 జనవరిలో తుది తీర్పు చెబుతూ, ఒక్కొక్క విద్యార్థి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయలు, దానిమీద ఏడున్నర శాతం వడ్డీ చెల్లించాలంది. అందులో విద్యుత్ బోర్డు వాటా 60 శాతం, కాలేజీ వాటా 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం వాటా 10 శాతం.

తప్పు ఒక్కరిదే కానక్కర్లేదు, ఎవరి వంతు వాళ్ళ చేత కట్టించవచ్చునన్నమాట. తప్పు ప్రభుత్వానిదైనా, ప్రభుత్వ సంస్థదైనా రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టు తలుపు తట్టవచ్చు. ఇంకా సంపాదన మొదలుపెట్టని బిడ్డ ప్రాణానికి కూడా పరిహారం ఉంటుంది.

గోడ కింద నలిగిన బతుకులు

2024 మే 7. సాయంత్రం కుండపోతగా వాన. బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ ప్రహరీ కూలి, దాన్ని ఆనుకుని వేసుకున్న షెడ్ల మీద పడింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన కూలీ కుటుంబాల్లో ఏడుగురు పోయారు. వాళ్ళలో నాలుగేళ్ళ పసివాడూ ఉన్నాడు.

పనివాళ్ళు పని కారణంగా చనిపోతే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారలేదు. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టం నిర్ణయించిన ఒక అంకెతో హెచ్చవేస్తారు. 30 ఏళ్ళ మనిషికి ఆ అంకె 207.98. పరిహారానికి లెక్కలోకి తీసుకునే జీతం 2024 నాటికి గరిష్ఠంగా 15,000 రూపాయలు. అంటే 7,500ని 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు! కూలీని పెట్టుకున్నది మేస్త్రీ కదా అని అసలు యజమాని తప్పించుకోలేడు.

మరి ఆ నాలుగేళ్ళ పిల్లవాడు కూలివాడు కాదే? అలాంటివాళ్ళ కోసం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఉంది. పాతదే అయినా పదునైనది. ఒకరి తప్పు వల్ల మనిషి చనిపోతే భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లల తరఫున సివిల్ కోర్టులో దావా వెయ్యవచ్చు.

శిక్ష వేరు, పరిహారం వేరు

"పోలీసు కేసు పెట్టాం, ఇక అదే చూసుకుంటుంది" అనుకుంటాం. అది శిక్షకు సంబంధించిన దారి. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతి 304-ఎ సెక్షను కింద రెండేళ్ళ దాకా జైలు ఉండేది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దాన్ని అయిదేళ్ళు చేసింది. పరిహారం దారి వేరు. దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. రెండూ ఒకేసారి నడపవచ్చు. క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం హక్కు పోదు.

అయితే ఆధారం కావాలి. "ఎలాగూ పోయాడు, మళ్ళీ ఒళ్ళు కోయించడమెందుకు" అని పోస్టుమార్టం వద్దని బతిమాలుకునే ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఆ బాధ ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఆ నివేదిక లేకపోతే చావుకు కారణం ఏమిటో కోర్టులో నిరూపించడం చాలా కష్టం. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, వయసు, జీతం తెలిపే కాగితాలు ఇంట్లో ఒక సంచిలో భద్రం చేసుకోవాలి. ఆస్పత్రిలో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందనుకుంటే వైద్యం రికార్డులు అడగాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది. ఆ కేసు వినియోగదారుల కమిషన్‌లో వేసుకోవచ్చు.

ఇల్లాలి ప్రాణం ఖరీదు

రోడ్డు ప్రమాదమైతే మోటారు వాహనాల ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా సరే, మీరుండే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. మరి చనిపోయింది ఉద్యోగం చెయ్యని గృహిణి అయితే? "ఆవిడ సంపాదన ఏముంది?" అనే బీమా కంపెనీల వాదనకు సుప్రీంకోర్టు ఏనాడో జవాబు చెప్పింది. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, 2001లో, గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయలు విలువ కట్టింది. 2021 జనవరిలో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ మరో అడుగు ముందుకు వేసి, ఇంటి పనికి విలువ కట్టడమంటే ఆ శ్రమను గుర్తించడమేనన్నారు. 2019 నాటి కాల వినియోగ సర్వేను ఆయన ఉదహరించారు. జీతం లేని ఇంటి చాకిరీకి ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారట. బతికుండగా ఎవరూ లెక్కపెట్టని పనిని చనిపోయాకైనా కోర్టు లెక్కపెట్టిందని సంతోషించాలో, ఏడవాలో!

తొందరపడి సంతకం వద్దు

పదకొండో రోజు కూడా కాకుండానే పెద్దమనుషులు వస్తారు. "కోర్టులంటే ఏళ్ళు పడుతుంది, ఇంత ఇప్పిస్తాం, కాగితం మీద సంతకం పెట్టించండి" అంటారు. మాట్లాడేది బావగార్లూ, మరుదులూ. లోపల గదిలో కూర్చున్న భార్యకు చివర్లో కాగితం మాత్రం అందిస్తారు. అమ్మా, ఆ పరిహారం మీద మొదటి హక్కు నీది, నీ పిల్లలది, ఆ తల్లిదండ్రులది. చదవకుండా, వకీలుకు చూపించకుండా సంతకం పెట్టవద్దు. పనివాళ్ళ పరిహారం విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. మరణ పరిహారాన్ని యజమాని అధికారి దగ్గరే జమ చెయ్యాలి. ఇంటికొచ్చి చేతిలో పెట్టిన సొమ్ము ఆ లెక్కలోకి రాదు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందమూ చెల్లదు.

ఏళ్ళు పడుతుందన్న మాట అబద్ధం కాదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోతే, బిడ్డలిద్దర్నీ పోగొట్టుకున్న నీలం కృష్ణమూర్తి, శేఖర్ దంపతులు బాధిత కుటుంబాలను కూడగట్టి సంఘం పెట్టారు. హైకోర్టు 2003లో ప్రకటించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2011లో తగ్గించింది కూడా. అయినా వాళ్ళు వెనుదిరగలేదు. విడివిడిగా అడిగితే గసిరి పంపేవాళ్ళు, పదిమంది కలిసి అడిగితే కుర్చీ వేస్తారు.

గడువు దాటనివ్వకండి

* రోడ్డు ప్రమాదం: 2019 సవరణ ప్రకారం 6 నెలల్లోగా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు.
* పనిలో మరణం: 2 సంవత్సరాలు.
* ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా: మరణించిన నాటినుంచి 2 సంవత్సరాలు.
* వినియోగదారుల కమిషన్: 2 సంవత్సరాలు.

వకీలు ఫీజు ఎక్కణ్ణుంచి తేవాలి అంటారా? 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. వకీలునీ వాళ్ళే పెడతారు, కోర్టు రుసుమూ చూసుకుంటారు. మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. లేదా 15100కి ఫోను చెయ్యండి.

"శవం మీద డబ్బులేరుకుంటున్నారు" అని ఎవరైనా అంటే చిన్నబుచ్చుకోకండి. పిల్లల చదువు ఆగకూడదు, అత్తమామల మందులు ఆగకూడదు. అంతకంటే ముఖ్యం, నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించాలని తెలిస్తేనే రేపు ఇంకో గోడ కట్టేవాడు కాస్త గట్టిగా కడతాడు.