బస్తీ అడిగిన ప్రశ్నతోనే మొదలవ్వాలి

ఢిల్లీలోని వసంత్ కుంజ్ చుట్టుపక్కల చదువుకు కొదవ లేదు. ఒకవైపు జేఎన్‌యూ ఉంది, పర్యావరణ చదువులకు పేరున్న టెరి స్కూల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ కూడా ఇక్కడే ఉంది. కష్టానికీ కొదవ లేదు. పెద్ద మాల్స్‌కు కూతవేటు దూరంలోని కుసుంపుర్ పహాడీ బస్తీలో నీళ్ల ట్యాంకర్ కోసం డబ్బాలు, డ్రమ్ములు బారులు తీరుతాయి. 2024లో వారాల తరబడి ఎండకు మాడిన ఈ నగరమే, జూన్ 28 ఉదయానికి ఇరవై నాలుగు గంటల్లో సఫ్దర్‌జంగ్‌లో 228.1 మిల్లీమీటర్ల వాన పడి మునిగింది. ఇలాంటి చోట విద్యార్థులూ బస్తీవాసులూ కలిసి పనిచేయాలనడం సబబే. కానీ ఆ పని బస్తీ అడిగిన ప్రశ్నతో మొదలై, బస్తీ చేతిలో మిగిలేదిగా ఉంటేనే ఫలిస్తుంది.

ఇందుకు మన హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. రేకుల ఇంట్లో మధ్యాహ్నం కూర్చోలేమన్నది బస్తీల్లో ఎవరిని అడిగినా చెప్పే మాట. 2017లో దేవరకొండ బస్తీలో ఐఐఐటీ పరిశోధకుల తోడ్పాటుతో 25 ఇళ్ల పైకప్పుల మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లటి షీటు పరిచారు. షీటు లేని ఇళ్లతో పోల్చి చూస్తే లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఇంట్లోవాళ్లకు ఒంటితో తెలిసిన ఉక్కకు అంకె దొరికింది. అంకె ఉంటేనే అధికారి ముందు మాట నిలుస్తుంది. తర్వాత 2023లో తెలంగాణ ఇలాంటి చల్లని పైకప్పుల కోసం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఒక రాష్ట్రం ఇలాంటిది తేవడం దేశంలో అదే మొదటిసారి.

వసంత్ కుంజ్ పక్కనే ఉన్న నీలా హౌజ్ చెరువుదీ ఇదే పాఠం. 2010 కామన్‌వెల్త్ క్రీడల కోసం వంతెన కడుతూ చెరువును మట్టితో, శిథిలాలతో నింపేస్తే చుట్టుపక్కల జనం హైకోర్టుకు వెళ్లారు. తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం మురుగును రాళ్ల గట్ల మీదుగా, నీటి మొక్కల వేళ్ల మధ్యగా పారించి శుభ్రపరిచే పద్ధతి అక్కడ నెలకొల్పింది. జనం పట్టు వదలకపోతే శాస్త్రానికి చోటు దొరికేది కాదు. శాస్త్రం లేకపోతే చెరువు మురుగుగుంటగానే మిగిలేది.

సెమిస్టర్ అయిపోగానే విద్యార్థులు వెళ్లిపోతారు, బస్తీ ప్రయోగశాలగా మిగులుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఒక బ్యాచ్ వదిలిన చోట మరో బ్యాచ్ అందుకునేలా కనీసం మూడేళ్ల ఒప్పందం ఉండాలి. థర్మామీటర్ చూసి రాయడం బస్తీ యువతకు నేర్పాలి, ఆ లెక్కల పుస్తకం బస్తీలోనే ఉండాలి, కొలిచే పనికి ఇంటివాళ్లకు కూలి గిట్టాలి. ప్రభుత్వం చేయాల్సిన పనిని పిల్లల నెత్తిన పెడుతున్నారనే వారూ ఉన్నారు. మురుగుకాలువ తవ్వడం, పైపులైన్ వేయడం నిస్సందేహంగా ప్రభుత్వం పనే. ఏ సందులో నీళ్లు ఎంతసేపు నిలుస్తున్నాయో, ఏ గదిలో రాత్రి కూడా వేడి దిగడం లేదో కాగితం మీద పెట్టి చూపితే, ఆ పని చేయక తప్పని పరిస్థితి వస్తుంది.

కాబట్టి విశ్వవిద్యాలయాలు ఈ పనిని సెలవుల్లో చేసే సేవగా కాక, మార్కులున్న చదువుగా గుర్తించాలి. ఆ మార్కుల్లో కొంత భాగం వేసే హక్కు బస్తీవాసులకూ ఇవ్వాలి. తన పని ఎవరికి పనికొచ్చిందో వాళ్ల నోటనే వినడం విద్యార్థికి ఏ పరీక్షా నేర్పలేని చదువు.